ఏ ట్యాంకు మేలు?

ట్యాంకు అను మాట వినగానే మన స్త్రీలకు మేడమీది నీటితొట్టి జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదువారికి చెఱువుగట్టు జ్ఞప్తికి వచ్చును. ఆ తలపు పూర్తిగా తప్పు గాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు ఇనుపకవచముగల యుద్ధశకటములను రహస్యముగా నిర్మించుచు, పగవారికి జాడ తెలియకుండుటకై అవి నీటితొట్లని ప్రచారము చేసిరి. 1916వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సుదేశమందలి సోమ్ రణరంగమున అవి మొదటిసారి కదలివచ్చినప్పుడు నిజము బయలుపడినదిగాని, పేరు మాత్రము ట్యాంకుగానే నిలిచిపోయినది. నేడు ఆ ట్యాంకులు మన యిండ్లలోనికి వచ్చినవి. కంప్యూటరు తెరపైనను, చేతిలోని ఫోనుపైనను మన పిల్లలు వానిని నడుపుచున్నారు.

ఈ పుటలో ఈ ప్రసంగమేల యని సోదరీమణులు అడుగవచ్చును. "మంచి ట్యాంకొకటి అమ్మకమునకు వచ్చినది, డబ్బిమ్ము" అని కుమారుడు తల్లిని వేధించుట ఇప్పుడు పెక్కు గృహములలో జరుగుచున్నది. పట్టుచీర కొనునప్పుడు అంచును వెలుగునకు పట్టి చూచెదము. వంకాయ కొనునప్పుడు తొడిమ త్రిప్పి పుచ్చు వెదకెదము. అట్టి మనము, ఏమియు తెలియని వస్తువునకు, పిల్లవాని పోరు మాన్పుటకై మాత్రమే సొమ్ము చెల్లించుట తగునా? తెలియక కాదనుటయు అంత మంచిది గాదు. ఔననినను కాదనినను తెలిసి అనవలెను. అందులకై మేము కొన్ని మాసములు ఈ యాటను చూచితిమి, ఆడితిమి. గ్రహించినంతవఱకు విన్నవించుచున్నాము.

ఇట్టి యాటలలో మిక్కిలి వ్యాప్తిగలది "వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్". దీనిని నిర్మించిన వార్‌గేమింగ్ సంస్థ 1998లో బెలారస్ దేశపు రాజధానియగు మిన్స్కు నగరమున పుట్టినది. ఆట 2010లో రష్యాలోను, 2011లో ఐరోపా, అమెరికాలలోను వెలువడినది. 2022లో ఆ సంస్థ రష్యా, బెలారస్ దేశములను విడిచిపెట్టగా అచ్చటి యాట వేఱొకరి చేతికి పోయి వేఱుపేరుతో నడచుచున్నది. ఫోనులపై ఆడు "బ్లిట్జ్" అను చిన్నయాట 2014లో వచ్చినది. చేరుటకు రుసుము లేదు.

పెద్దయాటలో పక్షమునకు పదునైదుగురు, చిన్నయాటలో ఏడుగురు. ప్రతి ట్యాంకు వెనుకను ఏదో యొక యూరిలో ఒక మనుష్యుడు కూర్చుండి యుండును. పెద్దయాటలో ఒక్కొక్క పోరు పదునైదు నిమిషములకు మించదు. ఎదుటివారి నందఱిని పడగొట్టిన పక్షమైనను, వారి స్థావరమును పట్టిన పక్షమైనను గెలుచును. ట్యాంకులు మెట్లుమెట్లుగా అమర్పబడినవి. మొదటి మెట్టున చిన్న బండ్లు. పోరాడి అనుభవము గడించినకొలది పై మెట్లు తెఱచుకొనును. చిరకాలము పది మెట్లే యుండగా, 2025లో పెద్దయాటకు పదునొకండవ మెట్టు చేర్చిరి.

ట్యాంకులలో ఐదు జాతులు గలవు. తేలికబండ్లు వేగుల వంటివి. పరుగెత్తి శత్రువుల జాడ తీసి తమవారికి చూపును. మధ్యమములు అన్ని పనులకు కొంతకొంత పనికివచ్చును. బరువుబండ్లు దట్టమైన కవచముతో ముందు నిలిచి దెబ్బలు కాయును. నాల్గవవి ట్యాంకులను కూల్చుటకే పుట్టినవి. వానికి పెద్ద ఫిరంగి యుండునుగాని, పెక్కింటికి తిరుగు బురుజు లేనందున గుఱి మార్చుటకు బండినే త్రిప్పవలెను. ఐదవవి దూరమునుండి ఆకాశమార్గమున గుండ్లు కురిపించు ఫిరంగిబండ్లు. వంటయింట కత్తిపీట మేలా, కల్వము మేలా యని యెవ్వరైన అడిగిన మనము నవ్వుదుము. ఏ జాతి ట్యాంకు మేలను ప్రశ్నయు అట్టిదే. ఏ పనికి అని తిరిగి అడుగవలెను.

అయినను ఒకే జాతిలో మంచిచెడ్డలు ఎంచుట కుదురును. ఎంచువారు మొదట కవచమును చూతురు. కవచమునకు మందము ఒక్కటే బలము గాదు, వాలు మఱియొక బలము. ఒక దోసకాయను తిన్నగా తఱిగిన చిన్న చక్రము వచ్చును. అదే కత్తిని ఏటవాలుగా పెట్టి తఱిగిన ముక్క పొడుగగును. కాయ పెరుగలేదు, కత్తి పోవలసిన దారి పెరిగినది. రెండవ ప్రపంచయుద్ధపు రష్యా ట్యాంకు టీ-34 ముందుభాగపు రేకు 45 మిల్లీమీటర్లే. కాని దానిని 60 డిగ్రీలు వాల్చి అమర్చుటచే ఎదురుగా వచ్చు గుండునకు అది 90 మిల్లీమీటర్ల దూరమగుచున్నది. జర్మనుల టైగర్ ట్యాంకునకు ముందుభాగమున 100 మిల్లీమీటర్ల రేకు ఉన్నను అది దాదాపు నిట్టనిలువుగా నున్నది. ఆటలోను ఈ లెక్కయే నడచును. టైగరు నడుపువాడు బండిని కొంచెము ప్రక్కకు త్రిప్పి నిలిపినయెడల ఆ నిలువురేకే వాలురేకగును. మిక్కిలి త్రిప్పిన పలుచనైన ప్రక్క బయటపడును. కాబట్టి కవచము కొంత బండిది, కొంత నడుపువానిది.

రెండవది చూపు. ఈ యాటలో కంటికెదురుగ నున్న శత్రువైనను, తన పక్షపు వారెవ్వరును కనిపెట్టనిచో తెరపై అగపడడు. పెద్దయాటలో ఎంత మంచి బండికైనను చూపు 445 మీటర్లకు మించి సాగదు. 50 మీటర్లలోపలికి వచ్చినవాడు పొదలో నున్నను దాగలేడు. ఈ రెంటి నడుమ పొద చాటున కదలక నిలుచువానికి మఱుగు హెచ్చు, కదలువానికి తక్కువ. గుండు పేల్చినచో మఱుగు చాలవఱకు పోవును. చిన్నబండ్లకు మఱుగు సహజముగా ఎక్కువ. కవచము లేని బండిని చూచి "ఇది రేకుడబ్బా" యని పిల్లలు తీసివేయుదురు. అగపడకుండుటయే దాని కవచమని గ్రహింపరు.

మూడవది ఫిరంగి. ఒక్కదెబ్బకు ఎంత నష్టము కలిగించును, మరల నింపుటకెంత కాలము పట్టును, గుఱి ఎంత వేగముగ కుదురును, ముక్కు ఎంత క్రిందికి వంగును, అను నాలుగును కలిపి చూడవలెను. కేవీ-2 అను రష్యా ట్యాంకునకు 152 మిల్లీమీటర్ల ఫిరంగి గలదు. ఒక్కదెబ్బతో చిన్నబండి మాయమగును. తప్పినచో మరల నింపువఱకు అది నిస్సహాయముగ నిలిచియుండును. అమెరికా వారి షెర్మను ఫిరంగి 10 డిగ్రీలు క్రిందికి వంగును. అందుచే అది గుట్టవెనుక నిలిచి, పిట్టగోడపైనుండి వీధిలోనికి తొంగిచూచు ఇల్లాలివలె తల మాత్రము చూపి కొట్టగలదు. మైదానమున ఆ గుణము కొఱగాదు. నేలనుబట్టి కూడ ట్యాంకు మంచిదగును, చెడ్డదగును.

పెద్దదే మంచిదను భ్రమ యొకటి గలదు. జర్మనులు 188 టన్నుల బరువుతో ఒక మహాశకటమును నిర్మించి దానికి "మౌస్" అని, అనగా చుంచెలుక యని, పేరుపెట్టిరి. మన విఘ్నేశ్వరునికి ఎలుక వాహనము. అచ్చట వాహనమే ఏనుగై పేరు మాత్రము ఎలుక! నిర్మింపబడిన నమూనాలు రెండే. ఆ రెంటి భాగములు కూర్చిన బండి నేడు మాస్కో సమీపమున కుబింకా ప్రదర్శనశాలలో నున్నది. ఆటలో అది పదవ మెట్టున గంటకు 20 కిలోమీటర్లు నడచును. తోడుగా నడచువారున్న అది కోట. తోడులేనిచో చిన్నబండ్లు చుట్టుముట్టి వీపున కొట్టును. నిజమైన యుద్ధములో టైగర్లు సుమారు 1,350 మాత్రమే తయారుకాగా, టీ-34లు 1945 నాటికి ఏబదివేలకు మించినవి. అచ్చట సంఖ్యయు, మరమ్మతు సులువును లెక్కకు వచ్చెను. ఆటలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బండియే గావున ఆ లెక్క పనిచేయదు. టీ-34 ఐదవ మెట్టునను, టైగరు ఏడవ మెట్టునను నుండుటకు ఇదియే కారణము. యుద్ధచరిత్రలో పేరుగన్నదని ఆటలో ఎన్నుకొనరాదు. ఆటలో బలమైనది చరిత్రలో గొప్పదనియు తలపరాదు.

కొత్తవానికి ఏది మేలందురా? మా యెఱుకలో ఐదవ మెట్టునందలి కేవీ-1 మంచి గురువు. నాలుగువైపుల దట్టమైన కవచముండుటచే ఒకటి రెండు తప్పటడుగులకు ప్రాణము పోదు. నెమ్మదిగా నడచుటచే ఆలోచించుటకు వ్యవధి చిక్కును. కొంచెము చేయి తిరిగిన పిదప టీ-34 గాని షెర్మను గాని పట్టవచ్చును. తేలికబండి కడపట. దాని వేగము చూచి పిల్లలు మొదటనే మోహపడుదురు. అభిమన్యునివలె వ్యూహములోనికి దూసికొనిపోవుట దానికి సులభము. వెలికివచ్చుట తెలిసినవాడే దానిని నడుపవలెను.

ఇక సొమ్ము మాట. ఆటలో వెండి, బంగారము అని రెండు నాణెములు గలవు. వెండి పోరాడి గడించునది. బంగారము ముఖ్యముగా మన రూపాయలతో కొనునది. బంగారముతోనో తిన్నగా రూపాయలతోనో కొను ప్రత్యేకపు ట్యాంకులు వెండిని ఎక్కువగ గడించిపెట్టును. అందు ఎనిమిదవ మెట్టువి పెక్కు. నిన్న చేరిన పిల్లవాడు నేడు అట్టిదానిని కొని ఎక్కినచో, ఏండ్లతరబడి ఆడినవారి నడుమ పడును. రెండు నిమిషములలో బండి కూలును. మిగిలిన పదునలుగురును వానిని తిట్టుకొందురు. వాడు అవమానపడి, "ఇది మంచిది కాదు, ఇంకొకటి కావలెను" అని మరల తల్లికొంగు పట్టును. వ్యయమునకు మూలమిదియే. పైగా నిర్మాతలు అప్పుడప్పుడు ట్యాంకుల బలాబలములను మార్చుచుందురు గావున నేటి ఉత్తమము ఱేపటికి మధ్యమము కావచ్చును. శీతకాలపు పండుగలలో మూసిన పెట్టెలను కూడ అమ్ముదురు. లోపల ఏ ట్యాంకున్నదో, అసలు ట్యాంకున్నదో లేదో ముందు తెలియదు. ధర్మరాజంతటివాడు పాచికలముందు నిలువలేకపోయినప్పుడు పండ్రెండేండ్ల బాలుడు ఆ పెట్టెలముందు నిలుచునా? ఈ పెట్టెలకు మాత్రము మా సమ్మతి లేదు.

విరాటపర్వము చదివిన సోదరీమణులకు ఉత్తరకుమారుని కథ వేఱుగ చెప్పనక్కఱలేదు. అంతఃపురమున స్త్రీలయెదుట సారథి యొక్కడు దొరికిన చాలునని ప్రగల్భములు పలికినాడు. కౌరవసేన కంటబడగానే రథము దిగి పరుగెత్తినాడు. బృహన్నల వానిని పట్టితెచ్చి, జమ్మిచెట్టుపైనున్న ఆయుధములు దింపించి, పగ్గములు వానికిచ్చి తాను విల్లు పట్టినది. రథమదియే, గుఱ్ఱములవియే. ఒకడు కూర్చున్నప్పుడు పారిపోయిన రథము మఱియొకడు కూర్చున్నప్పుడు జయించి వచ్చినది. కొఱత రథములో లేదు. ఆ ఉత్తరుడే పగ్గములు పట్టి భయము వీడి యుద్ధము నేర్చుకొన్నాడనుటయు మఱువరాదు. పిల్లవానికి కొత్త రథము కొనియిచ్చుటకంటె ఉన్న రథమున నిలుచుట నేర్పుట మేలు.

కావున మా సలహా యిది. డబ్బడిగిన బిడ్డను మూడు ప్రశ్నలడుగుడు. ఆ ట్యాంకు ఏ జాతిది, దాని పని యేమి? ఇప్పుడున్న ట్యాంకుతో ఎన్ని పోరులు ఆడితివి? కడపటి పోరులో ఏల ఓడితివి? మూడవ ప్రశ్నకు "ట్యాంకు మంచిది గాదు" అని మాత్రమే బదులు వచ్చినచో డబ్బీయకుడు. "గుట్టదాటి తొందరపడి పోతిని, ప్రక్క చూపితిని" అని వచ్చినచో వాడు నేర్చుకొనుచున్నాడు. అట్టివానికి కొత్తబండి యవసరము తఱుచుగ నుండదు. నిజముగా ఇచ్చుట కుదిరినచో పండుగకు ఒక్కసారి, మొత్తము ముందుగా నిర్ణయించి, మీ చేతితో చెల్లింపుడు. బ్యాంకు కార్డును గాని ఫోను రహస్యసంఖ్యను గాని వాని కొప్పగింపకుడు. ఆడుకాలము కూడ పోరుల లెక్కతో చెప్పుడు. "అరగంట" అనినచో నడుమ లేచిపోయి తోడివారిని వంచించినవాడగును. "మూడు పోరులు" అనినచో ముగించి లేచును. ఆడపిల్లలు అడిగినను ఇదే కొలత. వాలు లెక్కయు, ఓర్పుతో కాచుకొనుటయు వారికిని పనికివచ్చునవే.

ఒక్కమాట మాత్రము బిడ్డలతో తప్పక చెప్పుడు. ఆటలో కాలిన ట్యాంకు మఱుసటి పోరునకు మెఱయుచు వచ్చును. నిజమైన టైగరులో ఐదుగురు, షెర్మనులో ఐదుగురు, మొదటి టీ-34లో నలుగురు మనుష్యులు కూర్చుండెడివారు. వారికై యింటియొద్ద తల్లులు జాబులకు ఎదురుచూచిరి. ఇది తెలిసిన పిల్లవాడు ట్యాంకుల పేర్లన్నియు వల్లించినను మాకు సంతోషమే. తెలియనివానికి మొదట ఆ చరిత్ర చెప్పి, పిమ్మట ఆటకు పంపుడు.