కారాగృహములు – అనధికార సందర్శకులు

కారాగృహముల కచ్చేరీలలో సందర్శకుల పుస్తకమను నొక పుస్తకము నుంచుట చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. జైలును చూడవచ్చిన అధికారులును, ప్రభుత్వముచే నియమింపబడిన పురప్రముఖులును తాము చూచిన సంగతులను అందు వ్రాసి సంతకము చేయుదురు. వంటశాల శుభ్రముగ నున్నదనియు, ఖైదీలకు ఫిర్యాదు లేమియు లేవనియు, క్రమశిక్షణ సంతృప్తికరముగ నున్నదనియు వ్రాసి లేచినచో పని ముగిసినట్లే. ఎవరి మేలుకొఱకు ఆ పుస్తకము ఉంచబడినదో ఆ ఖైదీకి అది కనబడదు; ఎవరి పక్షమున సందర్శకులు లోపలికి వెళ్లుచున్నారో ఆ ప్రజలకును కనబడదు. ఎవరి పాలనను గూర్చి నిర్భయముగ వ్రాయవలెనో ఆ అధికారి బల్లమీదనే అది యుండును. ఈ ఏర్పాటును గూర్చి నేడు మా యభిప్రాయమును పాఠకులకు నివేదింపదలచితిమి.

సందర్శకుల పద్ధతి మనము క్రొత్తగ కల్పించుకొనినది కాదు. 1894 సంవత్సరపు కారాగృహముల శాసనము 59వ సెక్షనులో, నియమములు చేయు అధికారమును ప్రభుత్వమున కిచ్చుచు, సందర్శకుల నియామకమును గూడ అందు చేర్చినది. జడ్జీలు, మేజిస్ట్రేటులు మొదలైనవారు అధికార సందర్శకులు. ఉద్యోగులు కాని పౌరులు అనధికార సందర్శకులు. పరదొరతనమువారు సైతము, నాలుగు గోడలలోపల జరుగు పనిని బయటివాడొకడు అప్పుడప్పుడు చూచి రావలయునని ఒప్పుకొనక తప్పలేదు. అయితే ఆ బయటివాని నేరుకొనువారు వారే. వాని మాటను వినుటయు మానుటయు వారి యిష్టమే. శాసనమున కన్నుండెను గాని చూపు లేకుండెను.

ఆ రోజులలో జైలు సంగతులు దేశమునకు తెలియకపోలేదు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు శిక్షింపబడి కఠిన కారాగారవాసము ననుభవించిరి. గ్రంథాలయోద్యమమునకు వారు తరువాత చేసిన సేవను, పఠనమందిరములలో కూర్చుండి ఈ పత్రికను చదువువారికి మేము చెప్పనక్కఱలేదు. 1929 సెప్టెంబరు 13వ తేదీన జతీంద్రనాథ దాసు, రాజకీయ ఖైదీలకు తగిన తిండి, బట్ట, పుస్తకములు, పత్రికలు కావలెనని 63 దినములు నిరాహారదీక్ష సల్పి లాహోరు జైలులో ప్రాణములు విడిచెను. రాజమహేంద్రవరము, వేలూరు, తిరుచిరాపల్లి, అలీపురము జైళ్ల పేర్లు ఒక తరము ఆంధ్రులకు తీర్థముల పేర్లవలె కంఠస్థములై యుండెను. నైజాము రాజ్యమున దాశరథి కృష్ణమాచార్యులుగారు నిజామాబాదు జైలు గోడమీద బొగ్గుతో పద్యములు వ్రాసిరి. ఇవి యన్నియు లోకమునకు తెలియుటకు సందర్శకుల పుస్తకము కారణము కాదు. ప్లీడర్లు, ఉపాధ్యాయులు, పత్రికాధిపతులు, కవులు లోపల నుండుటయే కారణము. కలము పట్టగలవాడు ఖైదీ యైనప్పుడు జైలుగోడ యెంత యెత్తయినను చాలదు.

నేడు లోపల నున్నవారెవరు? 2022 డిసెంబరు 31వ తేదీ నాటికి దేశమందలి కారాగృహములలో 4,36,266 మందికి చోటుండగా 5,73,220 మంది ఉంచబడిరి. వీరిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అనగా నూటికి డెబ్బదియైదుగురకు పైగా ఏ న్యాయస్థానమును ఇంకను నేరస్థులని తీర్పు చెప్పనివారు. పెక్కురు బీదవారు, పదవ తరగతికైన చేరనివారు. వీరిలో హరిసర్వోత్తమరావులు లేరు. వీరి కథను బయటికి తెచ్చు కలము వీరి చేతిలో లేదు. కనుకనే, స్వరాజ్యము రాకమున్నుకంటె వచ్చిన తరువాతనే నిజమైన సందర్శకుని యవసరము హెచ్చినదని మేము చెప్పుచున్నాము.

సందర్శకుడు చేయగల మేలు గంజిలో మెతుకులు లెక్కించుటతో ముగియదు. నీవెప్పుడు వచ్చితివి, నీపై మోపిన నేరమేమి, నీకు వకీలు కలడా, వాయిదాకు నిన్ను తీసికొనిపోవుచున్నారా యని ఒక్కొక్కని అడుగుటలోనే సగము పని కలదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారము, మొదటిసారి నేరారోపణకు గురియైనవాడు, మరణశిక్షయో యావజ్జీవ శిక్షయో విధింపదగిన నేరములలో తప్ప, ఆ నేరమునకు విధింపదగిన గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము విచారణ ఖైదీగ గడపినచో జామీనుపై విడుదలకు అర్హుడగును. ఒకటికంటె నెక్కువ కేసులు పెండింగులో నున్నవానికి ఈ సౌకర్యము లేదు. దరఖాస్తు చేయవలసిన బాధ్యతను జైలు సూపరింటెండెంటుపై శాసనమే యుంచినది. ఆ మూడవవంతు ఎవనికి నిండినదో, ఎవని కాగితము ఏ బీరువాలో నిద్రించుచున్నదో ప్రతి నెలయు విచారించు బయటివాడు లేకున్న, శాసనము శాసనముగనే యుండును. వాడు లోపలనే యుండును.

న్యాయస్థానములు ఈ విషయమున ఉపేక్ష వహించినవని మేమనలేము. తీహారు జైలులో తోటిఖైదీ పడిన హింసను గూర్చి ఒక ఖైదీ వ్రాసిన ఉత్తరమునే వ్యాజ్యముగ స్వీకరించి, 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యరుగారు సునీల్ బాత్రా వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. జిల్లా మేజిస్ట్రేటులును సెషన్సు జడ్జీలును జైళ్లకు స్వయముగ పోవలెననియు, ఖైదీలు స్వేచ్ఛగ చెప్పుకొన వీలు కల్పింపవలెననియు, ఫిర్యాదుల పెట్టె లుంచవలెననియు ఆజ్ఞాపించిరి. 2015 జూలైలో డి. కె. బసు వ్యాజ్యమున, అనధికార సందర్శకులను నియమించు విషయమును రాష్ట్రములు చూడవలెనని సుప్రీముకోర్టువారు మరల చెప్పవలసివచ్చెను. 1894లో మొదలైన పద్ధతిని గూర్చి 2015లో ఇట్లు చెప్పవలసి వచ్చినదన్న, ఆ నియామకము లెట్లు జరుగుచుండెనో వేఱుగ చెప్పవలెనా?

ఇంతకంటె సిగ్గుచేటైన సంగతి మఱియొకటి. కొన్ని రాష్ట్రముల జైలు నియమములలో వంటపని అగ్రకులములవారికి, పాకీపని తక్కువజాతులని చెప్పబడువారికి అను విభాగము స్వతంత్రభారతమున డెబ్బది యేండ్లు గడచినను నిలిచియుండెను. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టువారు అట్టి నియమములను రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసి, ఖైదీల రిజిస్టరులలోని కులము గడిని తొలగింపుడని ఉత్తరువు చేసిరి. ఆ వ్యాజ్యమును తెచ్చినది ఒక పత్రికారచయిత్రి. ఇన్ని యేండ్లు సందర్శకులుగ పోయివచ్చిన పెద్దలు ఆ చీపురు ఎవరి చేతిలో నున్నదో చూడలేదా? చూచియు వ్రాయలేదా? వ్రాసియుండినచో ఆ వ్రాత యేమయ్యెను? ఇకమీదట ఇట్టి వివక్షను కనిపెట్టుటకై జిల్లా న్యాయసేవాసంస్థయు సందర్శకమండలియు కలసి తనిఖీ చేయుచుండవలెనని ఆ తీర్పే నిర్దేశించినది గనుక, ఈ ప్రశ్నలు పాతబడినవి కావు.

ఇక మండలి యెట్టిది? కేంద్రప్రభుత్వమువారి 2016 మాదిరి జైలు నియమావళి ప్రకారము జిల్లాజడ్జి, కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు మొదలుగా అధికారులు పలువురు. వారి ప్రక్కన శాసనసభ్యులు, మానవహక్కుల సంఘము ప్రతినిధి, సంఘసేవకులు. అధికారుల యోగ్యతను మేము శంకింపము. కాని తనకు జామీను నిరాకరించిన న్యాయస్థానపు పెద్దయు, తనను పట్టి తెచ్చిన పోలీసుల పెద్దయు, వెనుక జైలరును, ఇరుప్రక్కల వార్డరులును వరుసగ నిలిచియుండగా, 'నీకేమైన కష్టము కలదా?' యని యడిగిన, మతిస్థిమితముగల ఖైదీ యెవడైన 'కల'దనునా? రాత్రికి వారందఱు ఇండ్లకు పోవుదురు. వాడును వార్డరును మాత్రము అచ్చటనే యుందురు.

మనకు ఈ శాసనము నిచ్చిన ఇంగ్లండు తన యింట దీనిని దిద్దుకొనిన తీరు తెలిసికొనదగినది. అచ్చటను 1952 శాసనము క్రింద సందర్శకమండలు లుండెను. కాని ఖైదీలను విచారించి దండించు అధికారము కూడ ఆ మండలులకే యుండుటచే ఖైదీలకు వారియందు నమ్మకము కుదరలేదు. 1990 ఏప్రిలులో మాంచెస్టరు నగరపు స్ట్రేంజ్‌వేస్ జైలులో ఖైదీలు తిరుగబడి 25 దినములు పైకప్పుమీద నిలిచిరి. దానిపై విచారణ చేసిన ఉల్ఫ్ ప్రభువు 1991లో నివేదిక సమర్పించగా, మరుసటి యేడు మండలుల దండనాధికారము తొలగింపబడెను. 2003లో అవి స్వతంత్ర పర్యవేక్షణ మండలులని క్రొత్తపేరు దాల్చెను. సభ్యులు జీతములేని పౌరులు. జైలు తాళపుచెవులు వారియొద్ద నుండును. వేళగాని వేళనైన పోవచ్చును. ఏ ఖైదీతోనైన ఉద్యోగుల చెవి సోకకుండ మాటాడవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, వారి వార్షిక నివేదిక అచ్చుపడి లోకమునకు వెల్లడియగును. ఇంగ్లండు జైళ్లు స్వర్గములైనవని మేమనుట లేదు. ఇఱుకును గూర్చి, ఉద్యోగుల కొఱతను గూర్చి ఒకే ఫిర్యాదును ఏటేట వ్రాయుచున్న మండలులు పెక్కులున్నవి, ఆజ్ఞాపించు అధికారము వారికి లేదు. అయినను అచ్చటి ప్రభుత్వము 'మాకు తెలియద'ని చెప్పజాలదు.

లోకమున కంతటికి ఉద్దేశింపబడిన నెల్సన్ మండేలా నియమములు 2015లో ఐక్యరాజ్యసమితిచే అంగీకరింపబడినవి. ముందు చెప్పకుండ వచ్చుట, ఖైదీతో ఏకాంతముగ మాటాడుట అందును కలవు. మన దేశము 1997లో హింసానిషేధ ఒడంబడికపై సంతకము చేసి, ఇంతవరకు దానిని ధ్రువపఱచలేదు. ఈ జాప్యమునకు గట్టి హేతువు మాకు గోచరించుట లేదు.

ఇచ్చట ఒక వినోదము. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును ప్రదర్శనశాలగ మార్చి, 500 రూపాయలు చెల్లించినవారు ఒక దినము ఖైదీవలె నుండి చూడవచ్చునని 2016లో ఏర్పాటు చేసిరి. ఖైదీలు లేని జైలులోనికి పౌరుడు రుసుము చెల్లించి పోవచ్చును. ఖైదీలున్న జైలులోనికి, శాసనము తనకు చోటు చూపియున్నను, పోవుట దుర్లభము!

నేరము చేసినవానికి ఇంత సానుభూతి యేలయని కొందఱందురు. నూటికి డెబ్బదియైదుగురు నేరము ఋజువు కానివారని పైన చూపితిమి. తక్కినవారికైనను న్యాయాధిపతి విధించినది స్వేచ్ఛానష్టము. వ్యాధియు, దెబ్బలును, ఆకలియు తీర్పులో లేవు. బయటివారు వచ్చిన జైలు భద్రత చెడునని కొందఱు అధికారు లందురు. కాలానుగుణముగ మార్చిన నియమములు కలిగి, పేరు నమోదై, ప్రమాణము చేసిన నలుగురు పౌరుల రాకచే చెడు భద్రత, లంచమిచ్చి సెల్‌ఫోనులు లోపలికి పంపువారిచే చెడకున్నదా? నిజమునకు మంచి సూపరింటెండెంటునకు స్వతంత్ర సందర్శకుడే సహాయుడు. వంద మంది చోటున రెండువందల మందిని కుక్కిన తప్పు వాని యొక్కనిది కాదని, వైద్యుని పదవి ఖాళీగ నున్నదని, వార్డరులకు సెలవు దొరకుట లేదని బయట చెప్పగలవాడు వీడే.

కారాగృహములు రాజ్యాంగముచే రాష్ట్రముల కప్పగింపబడినవి. కావున ఢిల్లీవైపు చూచుచు కూర్చుండ నక్కఱలేదు. అనధికార సందర్శకులను పోలీసు సిఫారసుపై గాక బహిరంగ ప్రకటనపై ఎన్నుకొనుటకును, వారిలో స్త్రీలును దళితులును తప్పక యుండునట్లు చూచుటకును, ముందు తెలుపకుండ పోయి ఖైదీతో ఒంటరిగ మాటాడు హక్కును వారికి వ్రాతమూలముగ నిచ్చుటకును, ఫిర్యాదు చేసిన ఖైదీపై కక్ష తీర్చుకొనుటను శిక్షార్హము చేయుటకును, సందర్శకుల వ్రాతను దానికి ప్రభుత్వమిచ్చిన సమాధానముతో కూడ ఏటేట శాసనసభ ముందుంచి ప్రకటించుటకును అమరావతికిగాని హైదరాబాదునకుగాని అడ్డేమియు లేదు. మన రెండు రాష్ట్రముల శాసనసభ్యులను మేము కోరునది స్వల్పము. వచ్చు సమావేశములలో లేచి ఈ ప్రశ్న యడుగుడు: తమ జిల్లా జైలునకు అనధికార సందర్శకు లెవరెవరు, వారు కడపట ఏ తేదీన లోపలికి పోయిరి, అచ్చట ఏమి వ్రాసిరి?