మూర్ఛ మాత్ర, రమజాన్ రోజా

రమజాన్ సమీపించగానే మూర్ఛ రోగులున్న ఇళ్లలో ఒక సందిగ్ధం తలెత్తుతుంది: రోజా పాటించాలా, మాత్ర వేసుకోవాలా? కొందరు ఎవరినీ అడగకుండానే మాత్రను పక్కన పెడతారు. ఆ నిర్ణయం ప్రాణం మీదికి తేగలదని చెప్పడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

మూర్ఛకు వాడే మందుల్లో క్లోబజామ్, క్లోనజిపామ్ బెంజోడయాజిపైన్ వర్గానికి చెందినవి. మెదడులోని గాబా అనే రసాయనం పనిని బలపరచి, అదుపు తప్పిన నాడీకణాలను ఇవి శాంతింపజేస్తాయి. వీటివల్ల మగత, తూలుడు, పిల్లల్లో చికాకు కలగవచ్చు. నల్లమందు జాతి నొప్పి మందులతో గానీ, మద్యంతో గానీ కలిస్తే శ్వాస మందగిస్తుంది. క్లోబజామ్ అరుదుగా చర్మం బొబ్బలెక్కి ఊడిపోయేంత తీవ్ర వికారం కలిగించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. ఒంటిపై దద్దుర్లు కనిపిస్తే ఆ రోజే వైద్యుని కలవాలి.

అయితే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది మందును హఠాత్తుగా మానేయడం. కొన్ని వారాల వాడకంతోనే శరీరం దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే ఫిట్లు మునుపటికంటే తీవ్రంగా, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి. తరావీహ్, సహరీల మధ్య తరిగిపోయే నిద్ర ఆ ముప్పును ఇంకా పెంచుతుంది.

రోగికి ఉపవాసం నుండి సడలింపును దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోనే ప్రసాదించింది. పైగా క్లోబజామ్ ప్రభావం శరీరంలో చాలాసేపు నిలుస్తుంది కనుక, కొందరికి మోతాదును ఇఫ్తార్, సహరీ వేళలకు సర్దడం వైద్యునికి సాధ్యమే. ఎవరికి వీలవుతుందో, ఎవరికి కాదో తేల్చవలసింది ఆయనే. అదీ రమజాన్‌కు కొన్ని వారాల ముందే.

ఆసేబ్ పట్టిందని ఆడపిల్ల వ్యాధిని దాచిపెట్టే అలవాటు ఇంకా పోలేదు. మూర్ఛ బాధితురాలైన ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఆమె ఓర్పుకు స్వర్గం శుభవార్తగా లభించింది. మూర్ఛ వేళ తన దేహం బయటపడకూడదన్న ఆమె కోరికకు ప్రవక్త దుఆ చేశారు. అంతటి గౌరవం పొందిన వ్యాధిని మనం ఎందుకు దాచాలి? కాజీపేట దర్గాకు వెళ్లేవారు వెళ్లవచ్చు, మాత్ర మాత్రం మానకూడదు.

తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించారు. కనుక వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మూర్ఛ మందుల సూచనలను తెలుగుతో పాటు ఉర్దూలోనూ ముద్రించి ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము. మండీబజార్ మొదలుకొని నగరంలోని మసీదు కమిటీలు షాబాన్ మాసపు జుమా ప్రసంగాల్లోనే ఈ విషయం ప్రకటించాలని విజ్ఞప్తి చేస్తున్నాము.