లంక కూలీకి ఏరు కూడా రోడ్డే

ఏటిగట్టు మీది పల్లెలో కూలీ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని చేలోకి నడిచిపోతుంది. ఆ నడకకు ఎవరికీ పైసా ఇవ్వక్కరలేదు. లంకలో వుండే కూలీ అదే చేలోకి పోవాలంటే ముందు రేవులో డబ్బు పెట్టాలి. సాయంత్రం తన ఇంటికి తాను రావడానికి మళ్ళీ పెట్టాలి. చేలో ఇద్దరికీ ఇచ్చే కూలి మాత్రం ఒకటే.

ఒకవైపుకి పది రూపాయలనుకోండి. రానూ పోనూ ఇరవై. నెలలో ఇరవై రోజులు పని దొరికిందంటే నాలుగు వందలు. అంటే ఆ నెలలో ఒక దినం కూలి, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే, ఏటికి కట్టినట్టు. ఇది ఆమె చేసిన సరదా ప్రయాణం కాదు. పుట్టిన చోట వున్నందుకు కట్టే పన్ను.

గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా విడిపోతుంది. ఆ పాయల నడుమ లంకలు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడుమూడిలంక వాళ్ళను అడగండి. వరద నీరు రాగానే మట్టి బాట కొట్టుకుపోతుంది, ఇక నాటు పడవే దిక్కు. కృష్ణ మీద ఎదురుమొండి దీవి వాళ్ళదీ ఏరు దాటే బతుకే. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ తిరగబడి బడిపిల్లలు గౌతమిలో కలిసిపోయిన సంగతి ఎవరం మరిచిపోలేదు. డబ్బూ మనమే పెట్టాలి, ప్రాణమూ మనమే పెట్టాలి.

ఈ డబ్బు ఎక్కడికి పోతుంది? మన దగ్గర రేవుకు పాట పెడతారు. ఎక్కువ పాడినవాడికి రేవు. ఈ పద్ధతికి మూలం తెల్లదొరలు 1890లో మద్రాసు ప్రెసిడెన్సీకి చేసిన కాలువలు, రేవుల చట్టం. దొరలు పోయారు, పాట మిగిలింది. పాట సొమ్ము పెరిగితే స్థానిక సంస్థకు ఆదాయం పెరిగిందని సంతోషపడతారు. పాటదారు ఆ సొమ్మును సొంత జేబులోంచి ఇస్తాడా? దాన్ని రేవు దాటేవాళ్ళ దగ్గరే రాబట్టుకుంటాడు. ఊరికి దీపాలు వేయడానికో రోడ్డు వేయడానికో డబ్బు కావాలంటే ఆస్తి వున్నవాడి దగ్గర తీసుకోవాలి గాని, రోజూ ఏరు దాటక తప్పని మనిషి దగ్గర తీసుకోవడం ఏం న్యాయం?

రేవు ఛార్జీ తగ్గించమంటే అధికారులు వెంటనే సబ్సిడీ అన్న మాట ఎత్తుతారు. యానాం–ఎదుర్లంక వారధి 2002లో వచ్చింది. అంతకు ముందు అక్కడ పంటు మీదే దాటేవాళ్ళు. వారధికి పోసిన డబ్బును ఎవరూ సబ్సిడీ అనలేదు, అభివృద్ధి అన్నారు. వారధి రాని చోట పడవకు నాలుగు డబ్బులు పెట్టమంటే మాత్రం ఖజానా గుర్తుకొస్తుంది! 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం పెట్టారు. మంచిదే, కావలసిందే. కాని లంక ఆడకూలీకి ఆ ఉచితం అవతలి ఒడ్డున మొదలవుతుంది. 2005 ఉపాధి హామీ చట్టంలో పని ఐదు కిలోమీటర్లు దాటితే కూలి మీద పది శాతం అదనంగా ఇవ్వాలని రాశారు. దూరం కొలిచారు గాని ఏరును కొలవలేదు. అర కిలోమీటరు ఏరైనా దాటడానికి డబ్బు కావాలి.

చేయదలిస్తే దారి లేకపోలేదు. కేరళలో 1968 నుంచి ప్రభుత్వ జల రవాణా శాఖ వుంది. ఆలప్పుళ కేంద్రంగా బస్సు నడిపినట్టే పడవలు నడుపుతుంది, నష్టం వస్తే ప్రభుత్వం భరిస్తుంది. కుట్టనాడు కూలీలు ఆ పడవల్లోనే పొలాలకు పోతారు. అండమాన్‌లో మన శ్రీకాకుళం వైపు నుంచి పోయి స్థిరపడ్డ కుటుంబాలు చాలా వున్నాయి. అక్కడి ప్రభుత్వ ఓడల్లో దీవివాసికి ఒక రేటు, చూడడానికి వచ్చినవాడికి అంతకన్నా ఎక్కువ రేటు.

స్కాట్లాండు అనుభవం ఇంకా కొంచెం లోతుగా చూడాలి. అక్కడ 2008లో పడమటి దీవులకు ఒక సూత్రం పెట్టారు. అంత దూరం రోడ్డు మీద పోతే ఎంత ఖర్చవుతుందో దాన్ని లెక్కగట్టి ఓడ ఛార్జీ నిర్ణయించాలి. సముద్రాన్నీ రోడ్డుగానే చూడాలన్నమాట. 2015 నాటికి ఆ తీరంలోని దీవులన్నిటికీ దాన్ని విస్తరించారు. సూత్రం బంగారం లాంటిది. అయితే తగ్గింపు దీవివాసికీ, కారేసుకొచ్చిన యాత్రికుడికీ ఒకటే ఇచ్చారు. దాంతో వేసవిలో ఓడలు యాత్రికుల బండ్లతో నిండిపోయి, ఆసుపత్రికి పోవలసిన దీవి మనిషికి చోటు దొరకడం లేదన్న గోల పుట్టింది. పెద్ద లారీలకు ఆ తగ్గింపు 2012లో తీసేస్తే సరుకుల ధరలు పెరుగుతాయని దీవుల్లో ఆందోళన చెందారు.

ఇది మనకూ తగులుతుంది. లంకలో అందరూ కూలీలు కారు. పెద్ద కొబ్బరితోటల ఆసాములూ వున్నారు, వాళ్ళ లారీలూ పంటు ఎక్కుతాయి. కూలీ పేరు చెప్పి తెచ్చిన రాయితీ లారీకి పోకూడదు. మనిషికి, సైకిలుకు, బడిపిల్లకు, పురిటికి పోయే మనిషికి ఛార్జీ వుండకూడదని నా అభిప్రాయం. కారుకూ లారీకీ వుండాలి. ఉప్పు, బియ్యం, గ్యాసుబండ మోసే వాహనాన్ని మాత్రం వేరుగా చూడాలి, లేకపోతే ఆ ఛార్జీ కిరాణా కొట్టులో మళ్ళీ మన నెత్తినే పడుతుంది.

ఒక మీటింగులో గట్టు మీది కామ్రేడ్ ఒకాయన లేచి, "మేమూ ఆటోకు డబ్బులిచ్చే పనికి పోతున్నాం, లంకవాళ్ళకే ఎందుకన్నా ప్రత్యేకం?" అని అడిగాడు. కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఆటో డబ్బుల కోసం మేస్త్రీతో, రైతుతో మనం పోరాడవలసిందే. కాని ఆటో లేనినాడు ఆయన నడిచిపోగలడు. ఏటి మీద నడవలేరు కదా. మధ్యాహ్నమే కూలీ అంతా కాసేపు నవ్వుకున్నాం గాని తీర్మానం మీద ఆయన కూడా చెయ్యెత్తాడు.

ఇంకో జాగ్రత్త. పాటదారుకు తలకింత అని సర్కారు డబ్బు ఇస్తే కాగితం మీద తలలు పెరుగుతాయి. పడవ నడిపే సరంగు, కళాసీ మనలాంటి కష్టజీవులే. వాళ్ళకు నెల జీతమిచ్చి రేవును ప్రభుత్వమే నడపాలి. అప్పుడు ఎక్కువమందిని కుక్కి ఎక్కించాలన్న ఆశా వుండదు, లైఫు జాకెట్ల ఖర్చు మిగుల్చుకోవాలన్న యావా వుండదు.

అంతవరకూ చేయగల పని ఒకటుంది. రేవు పాట ప్రకటన వచ్చిన రోజునే నలుగురు కలిసి ఆఫీసుకు పోయి షరతుల కాగితం నకలు అడగండి. మనిషికి ఎంత తీసుకోవాలో, పడవలో ఎంతమందిని ఎక్కించాలో అందులో వుందేమో చూడండి. వుంటే రేవులో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టించండి. లేకపోతే ఎందుకు లేదో పాట మొదలుకాకముందే అక్కడే అడగండి.