గోడ మీద పంది ముద్దు, గుడిసె వెనక పంది మురికి

బెజవాడలో ఏ ప్లేస్కూలుకైనా వెళ్ళి గోడలు చూడండి. దూది అతికించిన గొర్రె ఉంటుంది. దాని పక్కనే చార్టు ముక్కలతో చేసిన గులాబీ రంగు పందిపిల్లలు అయిదు ఉంటాయి. కాలివేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని పందుల్ని లెక్కపెట్టే ఇంగ్లీషు పాట ఒకటుంది కదా, దాని తాలూకు యాక్టివిటీ అది. టీచరు పాడుతుంది, పిల్లలు కాగితం పళ్ళేలకు ముక్కులు అంటిస్తారు, తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. ఎంత ముద్దుగా ఉందో అనుకుంటారు.

ఆ పందిని పెంచేది మేం, ఎరుకలవాళ్ళం. మా పంది నల్లగా ఉంటుంది, ముక్కుకు బురద ఉంటుంది. మా పిల్ల బడిలో "మా ఇంట్లో పందులున్నాయి" అంటే పక్కపిల్లలు ముక్కు మూసుకుంటారు. రెండోసారి ఆ పిల్ల ఆ మాట అనదు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ మౌనాన్ని ఎన్ని మొహాల్లో చూశానో. రంగులూ అంకెలూ రాకముందే ఆ బిడ్డ నేర్చుకున్న పాఠం ఒకటే, ఇంటి సంగతి బడిలో ఎత్తకూడదని. గోడ మీది పందులు మాత్రం ఏడాది పొడుగునా నవ్వుతూనే ఉంటాయి.

ఇంగ్లీషు పాటల మీద నాకు పగ లేదు, పాడనివ్వండి. పాటకు తగిలించే చేతిపనితోనే నా తగవు. వానను ఇప్పుడు పొమ్మని చెప్పే పాటకు జూన్‌లో కాగితం గొడుగులు చేయిస్తారు. జూన్‌లో డెల్టా అంతా కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారా అని చూస్తుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఎవరైనా ఆ పాట పాడుకుని ఉంటే తప్పు పట్టను. కానీ నాట్లకు పోయే తల్లి కూలి ఆ వాన మీదే ఉంది. ఆమె బిడ్డ చేత వానను పొమ్మనిపించడం ఏం చదువు?

చార్టు, గ్లిట్టరు, థర్మాకోలు అంటూ సాయంత్రం ఫోనులో జాబితా వస్తుంది. రాత్రి పెద్దలే కత్తిరించి పెద్దలే అంటిస్తారు, బిడ్డ నిద్రపోతుంటుంది. పొద్దున స్టారు ఆ బిడ్డకు! కాలవగట్టు మీది యానాది తల్లికి అంత డబ్బు ఉండదు, ఆమె బిడ్డ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ చేతులకు పీతను కరవకుండా పట్టడం వచ్చు. ముంజెలు తిన్నాక తాటి బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేయడం వచ్చు.

టీచర్ ట్రైనింగులో ఫ్రోబెల్ పేరు బట్టీ పట్టాం. 1837లో జర్మనీలో ఆయన పెట్టిన బడే తర్వాత కిండర్‌గార్టెన్ అయింది. తల్లులు ఒళ్ళో బిడ్డల్ని ఆడించే తీరు చూసి, 1844లో వేళ్ళ ఆటలతో పాటల పుస్తకం వేశాడు. పిల్లల చేత కాగితపు పట్టీలు అల్లించాడు. అది రాస్తే పరీక్షలో మార్కులు. అదే అల్లిక మా అమ్మ ఈత బద్దతో చేస్తే గంపలమ్మే ఎరుకలది అన్నారు. గంప అల్లడంలో లెక్క లేదా? ఒకే బద్దతో చుట్టూ అల్లుకుపోవాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సరిసంఖ్య అయితే రెండో చుట్టు మొదటి చుట్టు దారినే పడుతుంది, అల్లిక బిగవదు. సరి, బేసి చెప్పడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు ఏ షాపులో దొరుకుతుంది?

"మళ్ళీ మీ పిల్లల్ని బుట్టల దగ్గరకే పంపుతారా?" అని మనవాళ్ళే అడుగుతారు. అడగాల్సిందే. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ పూట బడి, పూట ఇంటి పని అన్నాడు. అది కులవిద్య అని జనం తిరగబడ్డారు, 1954లో ఎత్తేశారు. మంచి పని చేశారు. మనల్ని పుట్టుకతోనే నేరస్తులన్నారు. కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ సెటిల్మెంటు పెట్టి పనులు నేర్పామన్నారు. అలాంటి పని ఎవరిక్కావాలి? నేను అడిగేది వేరు. బుట్ట అల్లిక లాయరు కొడుకూ నేర్వాలి, మా పిల్లా నేర్వాలి. మా పిల్ల ఇంగ్లీషూ నేర్వాలి.

ఇక పాటల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలు తెచ్చింది. ఎరుకల భాష అందులో లేదు. 2022లో కేంద్రం ఇచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక ఇంటి భాషలో మాట్లాడించమంటుంది, స్థానిక బొమ్మలతో ఆడించమంటుంది. బాగుంది. మరి మా అవ్వల జోలపాటలు ఎవరు రాసుకుంటున్నారు? మనలో చదువుకున్నవాళ్ళే ఇంట్లో ఆ భాష మానేశాం కదా, ముందు ఆ పని మనదే.

బడులవాళ్ళకూ అంగన్వాడీలకూ ఒక మాట. ఈ జూన్ నుంచి వారానికో పూట బుట్టలల్లే తల్లిని పిలవండి. శాలువా కప్పి, ఫోటో తీసి పంపేయడానికయితే వద్దు. చాప మీద పిల్లల మధ్య కూర్చోబెట్టండి, టీచరు కూడా ఆమె దగ్గర నేర్చుకోవాలి. ఆ పూట ఆమె గంపల బేరం పోతుంది. కాబట్టి పిలిచే ముందే కూలి ఎంతిస్తారో చెప్పండి.