చదివి వినిపించే మనిషి కావాలి

ఈ గోడ పత్రికకు నేను చివరగా రాసింది బి.ఎ. మూడో ఏడాదిలో. అప్పట్లో చార్టు మీద స్కెచ్ పెన్నుతో శీర్షికలు దిద్దే పని కూడా నాదే. ఇప్పుడు లా రెండో సంవత్సరం చదువుతున్నాను. నాతో చదివినవాళ్ళు కొందరు ఇక్కడే ఎం.ఏ. చేస్తున్నారు. "లా కాలేజీలో నీ తెలుగు ఎందుకు పనికొస్తుందే?" అని వాళ్ళలో ఒకతె మొన్న అడిగింది. మా ఇంట్లో అయితే ఈ ప్రశ్న నేను తెలుగు తీసుకున్న రోజు నుంచీ ఉంది. ఈ వేసవిలో నాకు జవాబు దొరికింది. అది విని మేడమ్ "రాసివ్వు" అన్నారు.

మూడేళ్ళ లా కోర్సులో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలని బార్ కౌన్సిల్ నియమం. అందులో నాలుగు వారాలు నేను బెంగళూరులోనే ఒక మహిళా న్యాయవాది ఆఫీసులో చేశాను. మా భాషలో ఆమె 'సీనియర్'. మిగతా రోజుల్లో ఆస్తి తగాదాలు, చెక్ బౌన్స్ కేసులు చూస్తారు. శనివారం మాత్రం చిత్రకారులు, నాటకాలవాళ్ళు, చేతిపనివాళ్ళు వస్తారు. వాళ్ళ దగ్గర ఫీజు తీసుకోరు. మన ఊళ్ళో జనవరిలో చిత్రసంతె, ఏడాది పొడవునా చేనేత, హస్తకళల ఎగ్జిబిషన్లు ఉంటాయి కదా. వాటికి శ్రీకాళహస్తి నుంచి కలంకారీవాళ్ళు, ధర్మవరం వైపు నుంచి తోలుబొమ్మలవాళ్ళు వస్తుంటారు. సీనియర్‌ది మంగళూరు వైపు, తెలుగు రాదు. అందుకే తెలుగువాళ్ళు వచ్చినప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు.

రెండో శనివారం ఒక అక్క వచ్చింది. కేసు నడుస్తోంది కాబట్టి పేరు, ఊరు చెప్పను. ఇది రాస్తానని అడిగితే మాత్రం ఒప్పుకుంది. ఆమె శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ వేస్తుంది. అచ్చుదిమ్మెల పని కాదు, వెదురు కలంతో చేతిగీత. ఒక ఎగ్జిబిషన్‌లో ఒక వ్యాపారి ఆమె దగ్గర పెద్ద గుడ్డ ఒకటి కొన్నాడు. దాని మీద ఒక చెట్టు, కొమ్మకొమ్మకీ పిట్టలు. డబ్బిచ్చేటప్పుడు ఇంగ్లీషు కాగితం ఒకటి ముందు పెట్టి సంతకం చేయించుకున్నాడు. "డబ్బులు ముట్టినట్టు రసీదేమో అనుకున్నా పాపా" అంది అక్క. ఏడాది తిరిగేసరికి అదే చెట్టు, అవే పిట్టలు మెషీన్ మీద అచ్చయిన చీరల రూపంలో ఆమె అంగడికి నాలుగు అంగళ్ళ అవతల వేలాడుతున్నాయి. అవి చూసొచ్చిన ఒకావిడ ఈమెనే అడిగిందట, "అక్కడ చూసి వేసినారా ఇది?" అని. ఆ మాట చెప్పేటప్పుడే అక్క గొంతు మారింది. డబ్బు సంగతి చెప్పేటప్పుడు మారలేదు.

సీనియర్ కాగితం చదివి, అందులో ఏముందో అక్కకు చెప్పమన్నారు. నేను చాలా గంభీరంగా మొదలుపెట్టాను. "అక్కా, మీరు మీ మేధోసంపత్తి హక్కులను బదలాయించారు..." అక్క తలూపింది. ఇంకో రెండు వాక్యాలు చెప్పాను. మళ్ళీ తలూపింది. "ఆమెకు అర్థమైందా?" అని సీనియర్ అడిగితే "అయింది" అన్నాను. ఆమె నమ్మలేదు. "ఏం అర్థమైందో ఆమె నోటితో చెప్పమను" అన్నారు. అడిగాను. అక్క నా మొహం చూసి, కాగితం చూసి, "మీరు చెప్పినట్టే పాపా. సంతకం యాడ పెట్టాల?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వ్యాపారి ముందు ఏం జరిగి ఉంటుందో అదే నా ముందూ జరిగింది. ఆయన ఇంగ్లీషులో చేసిన పని నేను తెలుగులో చేశాను, అంతే తేడా.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. "అక్కా, మీకొక ఇల్లుంది అనుకోండి. అమ్మేస్తే అది మీది కాదు. బాడుగకిస్తే ఇల్లు మీదే, వాళ్ళు ఇన్నాళ్ళు ఉంటారు, నెలకింత ఇస్తారు. బొమ్మ కూడా అంతే. గుడ్డ అమ్మడం ఒకటి. ఆ బొమ్మను వేరే బట్టల మీద అచ్చేసుకోనివ్వడం ఇంకొకటి." అక్క వెంటనే అందుకుంది. "నేను గుడ్డే కదా అమ్మింది? బాడుగ మాట ఎవురూ ఎత్తలేదే!" అంది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆమెవే.

ఆ రోజు ఆమెతోపాటు నేనూ నేర్చుకున్న సంగతులు కొన్ని చెప్తాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే దాని మీద హక్కు గీసినవాళ్ళది. రిజిస్టర్ చేయించకపోయినా అది ఉంటుంది. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్క కాగితంలో "అన్ని హక్కులూ" అని ఉంది కానీ ఎన్నేళ్ళకో, ఎక్కడెక్కడికో లేదు. అలా రాయనప్పుడు గడువు అయిదేళ్ళు, ప్రాంతం మన దేశం వరకే అని 19వ సెక్షన్ చెప్తుంది. అక్క తాను ముందే వేసుకున్న గుడ్డను ఎగ్జిబిషన్‌కు తెచ్చింది కాబట్టి ఈ మాత్రమైనా ఆధారం ఉంది. డబ్బిచ్చి ఆర్డరు మీద వేయించుకున్న చిత్రమైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వేయించుకున్నవాళ్ళదే అవుతుంది. నాకు ఇది అన్యాయంగా తోచింది, కానీ చట్టం అదే.

హక్కు ఇచ్చేసినా చేజారనిది ఒకటి ఉంది. ఇది నేను వేసిందే అని చెప్పుకునే హక్కు, దాన్ని చెడగొట్టి తన పేరుకు మచ్చ తెస్తే అడ్డుకునే హక్కు కళాకారులవే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. దాన్ని డబ్బిచ్చి చేయించుకున్నది ప్రభుత్వమే. అయినా మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇది విని అక్క, "అయితే ఆ చీరల మీద నా పేరు రావాల కదా" అంది.

ఇన్ని చెప్పినా కేసు సులువని కాదు. చెట్టూ పిట్టలూ తాతల నాటివి, అందరివీ అని అవతలివాళ్ళు అనొచ్చు. అచ్చుబట్టల డిజైన్లకు 2000 నాటి డిజైన్ల చట్టం అడ్డొస్తుందేమో కూడా చూడాలి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది కానీ అది ఆ పేరును కాపాడుతుంది, ఏ బొమ్మ ఎవరిదో తేల్చదు. అక్క తన పాత పెన్సిలు గీతలు, ఫోనులో తేదీలతో ఉన్న ఫోటోలు తెచ్చిచ్చింది. నోటీసు వెళ్ళింది. నా నాలుగు వారాలు అయిపోయాక ఫోన్ చేస్తే, మాటలు జరుగుతున్నాయి, ఇంకా తేలలేదు అన్నారు.

ఇదంతా మా లా క్లాసులో చెప్తే ఒక స్నేహితురాలు, "డబ్బు అవసరం ఉన్నవాళ్ళు నువ్వు చదివి వినిపించినా సంతకం పెడతారు" అంది. అబద్ధమేమీ కాదు. ఇదే మాట ఫోనులో అక్కనే అడిగాను. "పెట్టుందునేమో పాపా. ఆ నెల పిల్లోడి ఫీజు కట్టాల్సి ఉన్నింది. కానీ, ఎంతకి అని అడిగుందును కదా" అంది. నా అభిప్రాయం కూడా ఇదే. చదివి వినిపిస్తే పేదరికం పోదు. కానీ బేరం చేసే అవకాశం వస్తుంది.

చట్టం ఉంది, ఉచిత సహాయమూ ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళొచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. లేనిదల్లా ఆ కాగితానికీ ఆ అక్కకీ మధ్య కూర్చునే మనిషి. బెంగళూరులో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడుకుంటూ పెరిగిన మనకంటే ఆ పనికి తగినవాళ్ళెవరు? మనం నేర్చుకున్న పెద్ద మాటలు వద్దని నేను అనను. నోటీసులో 'బదలాయింపు' అనే రాయాలి. కానీ దాన్ని 'బాడుగ'గా విప్పి చెప్పడం కూడా భాష చదువుకున్నవాళ్ళ పనే.

అందుకే నా సూచన ఇది. ఈ జనవరిలో చిత్రసంతెకు వెళ్ళేటప్పుడు తెలుగులో ఒక పేజీ కాగితం అచ్చేసి తీసుకెళ్దాం. సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉండాలి: నేను ఇస్తున్నది గుడ్డా, బొమ్మ మీద హక్కా? ఎన్నేళ్ళకు? ఎక్కడెక్కడికి? ఎంతకు? నా పేరు వేస్తారా? ఈ కాగితం కాపీ నాకిస్తారా? మనం సలహా చెప్పకూడదు, మనం లాయర్లం కాదు. నేనూ ఇంకా కాలేదు. చదివి వినిపిద్దాం, అర్థమైంది వాళ్ళ నోటితో చెప్పించుకుందాం, అవసరమైతే 15100 రాసిద్దాం.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటికి డిపార్ట్‌మెంటుకు వస్తాను. కాగితం చిత్తుప్రతి నా దగ్గర ఉంది. దాంట్లో ఇంకా పెద్ద మాటలు మిగిలాయేమోనని అనుమానంగా ఉంది, మీరొచ్చి కొట్టేయండి.