బడికిని బతుకుదెరువుకును నడుమ

వాన మొగము చాటేసిన యేడు పశ్చిమ కర్నూలులోని కోసిగి, పెద్దకడుబూరు మండలముల నుండి ఇంటిల్లిపాదియు మూటాముల్లె సర్దుకొని గుంటూరు మిరపచేలకు సుగ్గికి బయలుదేరునపుడు, నడవలేని బిడ్డనో వినలేని బిడ్డనో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు, అవ్వ దగ్గర విడిచిపోవుటయే తరచుగా దొరకు జవాబు. అట్లు నెలల కొలది తప్పిన బడి, కొందరికి పై తరగతులకు రాకమునుపే శాశ్వతముగా తప్పిపోవును.

చట్టమునకు లోటు లేదు. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, మునుపు 7గా నుండిన వైకల్యములను 21గా విస్తరించి, 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను, ఉన్నత విద్యలో 5 శాతమును, ప్రభుత్వోద్యోగములలో 4 శాతమును రిజర్వేషనుగా విధించినది. మండలములలోని భవిత కేంద్రములలో సహిత విద్యోపాధ్యాయులు ఓపికతో ఒక్కొక్క బిడ్డకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక వ్రాయుచున్నారు. అక్షరములు, అంకెలు, చొక్కా గుండీలు తానే పెట్టుకొనుట, ఇవన్నియు అందుండును. బడి విడిచిన పిమ్మట ఈ బిడ్డ ఏ పని చేయును, ఎవరి దగ్గర నేర్చును అనుదానికి మాత్రము చోటు అరుదు. అమెరికా చట్టము ఆ ముచ్చటను విద్యార్థికి 16 ఏండ్లు నిండునాటికే ప్రణాళికలో వ్రాసి తీరవలెనని శాసించుచున్నది.

మనకడ 18 నిండిన మరునాడు ఆ యువకుడు విద్యాశాఖవాడు కాడు, మరియొక శాఖవాడు ఇంకను కాలేదు. వైకల్యమును నిర్ధారించు సదరం ధ్రువపత్రమును బట్టి పింఛను జాబితాలో మాత్రముండును. 2024లో 6000 రూపాయలైన ఆ పింఛను కరవుసీమలో ఇంటి కూటికి ఆధారము. దానిని చులకన చేయువారితో నాకు పొత్తు లేదు. కాని ‘పనిలో చేరితే పింఛను పోతుందేమో’ అను తల్లిదండ్రుల భయమును తీర్చు నాథుడు కనబడడు.

ఆశయంతయు ఆ 4 శాతము మీదనే. నంద్యాలలోని బ్యాంకు కోచింగులకు సీమ నలుమూలల నుండి చేరు యువకులలో దివ్యాంగులును కలరు, చేరవలసినదే; అయితే ఆ నాలుగింటిలో ఒక శాతమును పంచుకొను బుద్ధిమాంద్యముగల బిడ్డలకు ఆ పోటీపరీక్ష ఏ విధముగ అక్కరకు వచ్చును? తక్కినవారికి దాతలు నేటికిని పాత చిట్టాయే చదువుదురు: కాలు లేనివానికి కుట్టుమిషను, చూపు లేనివానికి కుర్చీల అల్లిక. మచిలీపట్నం దగ్గరి సీతారామపురములో చూపు లేక పుట్టిన బొల్లా శ్రీకాంత్, పదవ తరగతి పిమ్మట సైన్సు చదువుటకై కోర్టుకెక్కవలసివచ్చెను. తరువాత అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ నెలకొల్పి దివ్యాంగులకు పని కల్పించెను. ఆ కథను 2024లో సినిమాగా చూచి చప్పట్లు కొట్టితిమి గాని, చదువు కొరకు ఒక బాలుడు కోర్టు మెట్లెక్కవలసిన గతి యేలయని అడిగినవారము కాము.

మన చెంత పనులు లేకపోలేదు. బేతంచెర్ల నాపరాళ్ల పాలిషు యూనిట్లు, ఆదోని జిన్నింగు మిల్లులు, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారములు, ప్రొద్దుటూరి బంగారు, బట్టల అంగళ్లు మన పిల్లల యిండ్లకు దాపుననే కలవు. రాయి కోయు రంపము తిరుగబోవునని కేక వేయుటకు బదులు ఎర్రబల్బు వెలిగించినచో వినికిడి లేనివాడును అచట నిర్భయముగ నిలుచును. ఆ బల్బు ఖర్చెంత? కొనుటకు యజమానికి స్థోమత కలదు, కొనుమని చెప్పువాడే లేడు. 18 నిండక రంపము దగ్గరకు పంపరాదు, చట్టమును ఒప్పదు; కాని చూచుటకు, బేరసారములు, బస్సు ప్రయాణము, జీతపు లెక్క నేర్చుటకు ఎనిమిదవ తరగతియే తగిన వేళ.

ఇందులకు క్రొత్త చట్టము పని లేదు. భవిత ప్రణాళికలో ఉపాధి పుటను చేర్చి, 21 ఏండ్లు నిండువరకు ప్రతి బిడ్డ పేరును ఉపాధి కల్పనాధికారియో, దివ్యాంగుల సంక్షేమాధికారియో, ఎవరైనను ఒక్కరు తమ పట్టికలో ఉంచుకొని, సంవత్సరమునకొకమారు ఆ యింటికి పోయి చూడవలెనని కర్నూలు, కడప కలెక్టరులు ఉత్తరువు చేయవచ్చును. జూన్‌లో బడులు తెరచులోపల దానిని వెలువరింపవలెనని కోరుచున్నాము.