ఆకాశరామన్న వారసులు

పూర్వము గిట్టనివానిపై బురద చల్లదలచినవాడు ఆకాశరామన్న పేర ఉత్తరము వ్రాసెడివాడు. అది ఒక కచేరీకి చేరి, అచ్చటనే ఆగెడిది. పేరులేని అర్జీలపై చర్య వలదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో ఆదేశించినది కూడ. నేడు ఆ ఆకాశరామన్న ప్రతివారి చేతిఫోనులోను కాపురము పెట్టినాడు.

మన తిరువళ్ళూరు జిల్లాలో జరిగినదే చూడుడు. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చినారను వదంతి వాట్సాప్‌లో వ్యాపింపగా, పులికాటులో ఒక నిరపరాధిని జనులు కొట్టి చంపిరి. ఆ యేటి జూలైలో, ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని వాట్సాప్ సంస్థ మన దేశమున హద్దు పెట్టినది. ఒకరి పరువు తీయుటకు ఐదు చోట్లు చాలవా?

2024 ఏప్రిల్‌లో తిరుముల్లైవాయిల్‌లో మేడమీదనుండి జారి రేకుపై చిక్కిన పసిబిడ్డను ఇరుగుపొరుగువారు కాపాడిరి. ఆ దృశ్యము దేశమంతట తిరిగినది. బిడ్డ బ్రదికెను; కాని ఆ తల్లి ముఖమైన ఎఱుగనివారు సహితము ఆమెను దూషించిరి. మే నెలలో ఆమె తనువు చాలించినది. మనోవేదనకు కారణములు పెక్కు ఉండవచ్చును. ఐనను దూషించినవారు మాకేమి సంబంధమని తప్పించుకొనజాలరు.

"నేను వ్రాయలేదు, వచ్చినది పంపితిని" అనుట మనవారి వాదము. ఇది చెల్లదు. కచేరీలో కాగితము ఎవరి చేతిమీదుగ పోయినను వారి పొడి అక్షరములు దానిపై ఉండును. పైకి పంపినవాడు జవాబుదారి. పంపుటయు పలుకుటయే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షను పరువునష్టమునకు రెండేండ్లవరకు కారాగారశిక్షను చెప్పుచున్నది. నింద కల్పించినవానితోపాటు ప్రకటించినవానిని కూడ అది విడువదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. ఇచ్చట మనము కొలదిమందిమి, ఒకరినొకరు ఎఱిగినవారము. మన సంబంధములన్నియు మాటపై నడచునవి. తిరుత్తణిలో ఉదయము పుట్టిన నింద సాయంకాలమునకు తిరువళ్ళూరులో పెండ్లిచూపులను ఆపగలదు. ఆ పిల్ల తండ్రి ఎవరిని నిలదీయవలెను? అందఱు పంపినవారే, పలికినవాడు ఒక్కడును దొరకడు.

కనుక మన వాట్సాప్ బృందములకు ఒక కట్టుబాటు కావలెను. ఒకరి నడవడినిగూర్చి పంపువాడు అది తానెట్లు ఎఱుగునో తన పేర వ్రాయవలెను; వ్రాయలేనివాడు పంపరాదు. నిజమైనను, నలుగురిలో పెట్టదగినదా యని యోచింపవలెను. తప్పని తేలినచో ఎన్ని చోట్లకు పంపెనో అన్ని చోట్లకును క్షమాపణ పంపవలెను. దీనిని పెద్దలే ఆరంభింపవలెను. ఏలనన, ప్రొద్దుటినుండి పడకకుర్చీలో కూర్చుండి పంపుచున్నది పిల్లలు కారు.